వేపచెట్టు క్రింద ఇంజను



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను మొదట నవ్వించింది, తరువాత ఆలోచనలో పడవేసింది. చీమకుర్తికి దగ్గరలోని ఒక గ్రామం నుండి ఒక సోదరి వ్రాశారు. పేరు వేయవద్దన్నారు గనుక వేయడం లేదు. వారి భర్త చాలాకాలం క్వారీ లారీ నడిపి, నడుము నొప్పి వలన మానుకొన్నారు. ఎవరో వాడి మూలన పెట్టిన 1989 మోడలు అంబాసిడరు కారును తక్కువ ధరకు కొనుక్కొన్నారు. రెండు సంవత్సరాలు నడిచింది. తరువాత వెనుక గొట్టం నుండి నీలం పొగ, ఆ తరువాత ఎంత తిప్పినా స్టార్టు కాకపోవడం. నాలుగు నెలల క్రితం తండ్రీ కొడుకులిద్దరూ ఇంజను దింపి, పెరట్లో వేపచెట్టు క్రింద విప్పి పరిచారు.

"అయ్యగారూ, వంటింట్లో గిన్నెలు మిగలలేదు, అన్నింటిలో బోల్టులే. ఇద్దరూ నాతో మాట్లాడరు, ఇంజనుతో మాట్లాడతారు. ఇప్పుడు నలభై వేలు అడుగుతున్నారు. అది అమ్మాయి నర్సింగు ఫీజుకని దాచిన డబ్బు. ఇవ్వమంటారా, లేక ఆ ఇనుమంతా పాత సామాన్ల వానికి వేసేయమంటారా?" అని అడిగారు.

ఉత్తరం చివరలో ఇంకొక రెండు వరుసలు ఉన్నాయి. అబ్బాయి క్వారీలో పని మానివేసిన దగ్గర నుండి తండ్రి అతనితో సంవత్సరం పాటు మాట్లాడలేదట. ఆ సంగతి ఆమె మామూలుగా వ్రాసి వదిలివేశారు గాని, నాకు ఆ రెండు వరుసల దగ్గరే కన్ను నిలిచింది.

నేను వేదాంత శిక్షణకు వెళ్ళక మునుపు రెండు సంవత్సరాలు ఒంగోలులో మా బంధువుల షెడ్డులో పానాలు అందించినవాడిని. గనుక ఉత్తరానికి ఉత్తరం వ్రాసి ఊరుకోక, ఒక సోమవారం బండి మీద వెళ్ళి చూచి వచ్చాను. ఇలాంటి ఇల్లు మన పాఠకులలో అదొక్కటే కాదు. ట్రాక్టరో, ఆటోనో, పాత జీపో విప్పి కూర్చున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. అందుచేత జవాబు అందరికీ పనికివచ్చేటట్లు కొంచెం వివరంగా వ్రాస్తున్నాను.

ఇంటి దగ్గర ఇంజను విప్పడం పిచ్చిపని కాదు. మన తండ్రుల కాలంలో మిరప తోటకు నీళ్ళు తోడే ఆయిలింజను మొరాయిస్తే, పొలం గట్టునే గోనెపట్టా పరచి రింగులు మార్చుకొనేవారు. అంబాసిడరు ఇంజను కూడా అంత సాదా ఇంజనే. ఆ కారు ఇంగ్లాండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ నుండి వచ్చినది. పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారాలో హిందూస్థాన్ మోటార్స్ వారు 1950ల చివరి నుండి 2014 వరకు దానిని తయారుచేశారు. ఈ ఇంటివారిది పాత 1489 సీసీ పెట్రోలు ఇంజను. నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు, ఒక కార్బొరేటరు. కంప్యూటరు లేదు, సెన్సారు లేదు. ప్రతి భాగం కంటికి కనబడుతుంది, చేతికి అందుతుంది. ఈ కాలపు కారు ఇంజనును మాత్రం ఇంటి దగ్గర విప్పమని నేను ఎవరికీ చెప్పను.

అయితే విప్పక ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. దానిని ఈ ఇంట్లో చేయలేదు, చాలా ఇళ్ళలో చేయరు. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో కంప్రెషన్ గేజి పెట్టి ఇంజను తిప్పాలి. ముల్లు తక్కువ చూపిస్తే, అదే రంధ్రంలో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్ళీ తిప్పాలి. ఈసారి ముల్లు పైకి లేస్తే రింగులో బోరో అరిగినదని అర్థం. ఆయిలు పోసినా లేవకపోతే తప్పు పైన, వాల్వుల దగ్గర, లేదా హెడ్ గాస్కెట్టు దగ్గర ఉన్నది. అప్పుడు హెడ్డు ఒక్కటి తీసి వాల్వులు గ్రైండింగు చేయిస్తే సరిపోవచ్చు, ఇంజను మొత్తం దింపనక్కరలేదు. పొగ కూడా చెబుతుంది. నీలం పొగ ఆయిలు కాలుతున్నదని, నల్ల పొగ పెట్రోలు ఎక్కువ పోతున్నదని, ఆగకుండా వచ్చే తెల్లని ఆవిరి నీళ్ళు లోపలికి దిగుతున్నాయని. పది నిమిషాల పరీక్ష పది వేలు మిగిల్చిన ఇళ్ళు నేను చూచాను.

ఇక ఆ పెరటి సంగతి. మొదట నాకు భయం వేసినది వేపకొమ్మకు వ్రేలాడుతున్న చైను బ్లాకును చూచి. ఆ ఇంజను నూట యాభై కిలోలకు తక్కువ ఉండదు. రాతి క్వారీల ఊరిలో పుట్టినవారికి బరువు సంగతి చెప్పనక్కరలేదు గాని, పని దగ్గర జాగ్రత్తపడిన మనిషి ఇంటి దగ్గర తేలికగా తీసుకొంటాడు. కొమ్మ మొదట పచ్చగా ఉండి లోపల డొల్లయి ఉండవచ్చు. తిరిగి ఎక్కించేటప్పుడు మూడు ఇనుప గొట్టాల ముక్కాలి పీట కట్టి ఎత్తండి. వ్రేలాడే బరువు క్రింద చెయ్యి గాని, కాలు గాని పెట్టవద్దు. ఆ తండ్రి తల ఊపారు. ముక్కాలి పీట ఎక్కడ దొరుకుతుందో ఆయనకే బాగా తెలుసు.

బోల్టుల సంగతి ఆ సోదరి వ్రాసినదానికంటె అధ్వానంగా ఉన్నది. ఇంజను భాగాలలో కొన్ని ఒకదాని బదులు ఒకటి పనికివచ్చేవి, కొన్ని ఎప్పటికీ పనికిరానివి. కనెక్టింగు రాడ్డుకు అడుగున ఉండే టోపీ ఆ రాడ్డుకే చెందినది. రెండింటినీ కలిపి బిగించి ఒకేసారి బోరు కొట్టి ఉంటారు, గనుక ప్రక్క రాడ్డు టోపీ దీనికి వేస్తే కొలత కుదరదు, బేరింగు పట్టేస్తుంది. వీరు నాలుగు టోపీలూ ఒకే తపేలాలో వేశారు. తండ్రి కళ్ళద్దాలు పెట్టుకొని, పాత గుడ్డతో మడ్డి తుడుస్తూ, రాడ్డు ప్రక్కన కొట్టిన నెంబరును, టోపీ మీద నెంబరును చదువుతూ ఉంటే, కొడుకు జతలు కలిపి తీగ చుట్టాడు. "ఒరేయ్, ఇది మూడు కాదు, రెండు. తిప్పి చూడు" అని ఆయన, "రెండే నాన్నా, తుప్పు పట్టి అట్లా కనబడుతున్నది" అని అతను. నెంబర్లు లేని ఇంజను అయితే విప్పక ముందే సెంటరు పంచితో చుక్కలు కొట్టుకోవాలి. పుష్ రాడ్లకు ఒక అట్టముక్కకు ఎనిమిది చిల్లులు పెట్టి, వరుసగా గుచ్చి ఉంచితే చాలు. గిన్నెలు ఆ రోజే వంటింటికి తిరిగి వెళ్ళాయి. వాటి బదులు నేను పాత పచ్చడి డబ్బాలు సంపాదించి ఇచ్చాను, ప్రతి డబ్బా మీద కాగితం అంటించమన్నాను.

అసలు ప్రశ్న బోరు అరిగిందా లేదా అన్నది. "ఇంజను బోరుకొచ్చింది" అని మనం తేలికగా అంటాము గాని, ఆ మాటకు కొలత ఉన్నది. ఈ ఇంజను సిలిండరు కొత్తగా ఉన్నప్పుడు 73.025 మిల్లీమీటర్ల వెడల్పు. లేతు పనివారు అంగుళంలో వెయ్యవ వంతును థౌ అంటారు, మన తల వెంట్రుక మందం ఇంచుమించు మూడు థౌలు. సిలిండరు అన్నిచోట్లా ఒకేలాగు అరగదు. పై రింగు వచ్చి తిరిగే చోట, అంచుకు కొంచెం దిగువన, ఎక్కువ అరుగుతుంది. అక్కడ మంట వేడి ఎక్కువ, ఆయిలు తక్కువ. వ్రేలితో పైనుండి రాస్తే అక్కడ చిన్న గట్టు తగులుతుంది. గట్టు తగిలినంత మాత్రాన రీబోరు చేయాలని కాదు. బోరు గేజితో పైన, మధ్య, అడుగున, నిలువునా అడ్డంగా కొలవాలి. సాధారణంగా అరుగుదల పది థౌల దాకా వస్తే రీబోరు తప్పదు, బాగా తక్కువైతే రింగులు మార్చి కొంతకాలం నడపవచ్చు.

ఆ గేజి ఇంట్లో ఉండదు. బ్లాకును ఆటోలో ఒంగోలు తీసుకొనిపోయి ఒక లేతు షాపులో కొలిపించారు. రెండు సిలిండర్లు పన్నెండు థౌలు, మిగిలిన రెండు ఎనిమిది, తొమ్మిది. గనుక నాలుగింటికీ రీబోరు. క్రాంకు మాత్రం గీతలు లేకుండా ఉన్నది, పాలిషు పట్టి కొత్త బేరింగులు వేస్తే చాలునన్నారు. రీబోరు చేయించేవారు ఒక క్రమం గుర్తుంచుకోవాలి: ముందు ఓవర్ సైజు పిస్టన్లు కొని షాపువారి చేతికి ఇవ్వాలి, ఆ పిస్టన్లను కొలిచి దానికి తగినట్లు వారు బోరు కొడతారు. ముందు బోరు కొట్టించి తరువాత పిస్టన్ల కోసం తిరిగేవారు, దొరకక ఇంకొక సైజు పెద్దది చేయించి, డబ్బు రెండుసార్లు ఇచ్చుకొంటారు. ఈ కారు ఆగిపోయి ఇన్నేళ్ళయినది గనుక పిస్టన్లు చేతిలోకి వచ్చేవరకు బ్లాకును ఎవరికీ అప్పగించవద్దు.

ఇంత అరుగుదల ఎందుకు వచ్చింది? ఆ అబ్బాయి ఆయిలును తిట్టాడు. నేను గాలి వడపోత డబ్బా తెరచి చూపించాను. లోపల నల్లని మెత్తని ధూళి, క్వారీ ధూళి. మన గెలాక్సీ రాయిని వ్యాపారంలో గ్రానైటు అంటున్నాము గాని భూగర్భ శాస్త్రజ్ఞులు దానిని గాబ్రో జాతి రాయి అంటారు. అందులో నక్షత్రాల వలె మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైటు అనే ఖనిజం. ప్రపంచమంతటా ఆ రాయిని వంటగదులలో, సమాధుల మీద వేసుకొంటారు. ఆ రాతి పొడి మాత్రం ఇంజనులోనికి పోతే అది రుబ్బుడు పిండి. సిలిండరు పోత ఇనుము కంటె ఆ రాతిలోని రేణువులు గట్టివి. చిరిగిన ఫిల్టరు గుండా ఒక్కొక్క రేణువు పోయి, రింగుకూ గోడకూ నడుమ చేరి, ఉప్పుకాగితం చేసే పని చేస్తుంది. రామతీర్థం, చీమకుర్తి రోడ్ల మీద తిరిగే బండికి ఫిల్టరును పుస్తకంలో వ్రాసినన్ని కిలోమీటర్లకు మార్చడం చాలదు. నెలకొకసారి తీసి చూడాలి, గొట్టం క్లిప్పులు వదులైనవేమో చూడాలి.

ఆ ధూళి గురించే ఇంకొక మాట. రీబోరు చేసి తెచ్చిన బ్లాకును చాలామంది డీజిలుతో కడిగి బిగించేస్తారు. అది చాలదు. హోనింగు రాయి పొడి సిలిండరు గోడ గీతలలో ఇరుక్కొని ఉంటుంది, డీజిలుకు రాదు. వేడినీళ్ళు, బట్టల సబ్బు, గట్టి బ్రష్షు పెట్టి తోమాలి. తరువాత తెల్లని గుడ్డతో తుడిచి చూడాలి. గుడ్డకు బూడిదరంగు అంటినంతసేపు తోముతూనే ఉండాలి. ఆయిలు దారులను సన్నని బ్రష్షుతో, గాలితో శుభ్రం చేయాలి. ఆరిన వెంటనే ఆయిలు పట్టించాలి, లేకపోతే ఒక్క గంటలో ఎర్రని తుప్పు లేస్తుంది. బిగించే పని వేపచెట్టు క్రింద వద్దన్నాను. ఆకు రాలుతుంది, లారీ పోతే దుమ్ము లేస్తుంది. వసారాలో నేల తడిపి, దుప్పటి కట్టి, అక్కడ బిగించుకోమన్నాను. ఈ ఒక్క విషయంలో ఇంటి ఇల్లాలి చెయ్యి మగవారి చేతికంటె మేలు. ఆ సోదరికి ఇంజను మీద కోపం ఉన్నా, "ఈ గుడ్డ తెల్లగా ఉన్నదా అమ్మా?" అని అడిగితే మొహమాటం లేకుండా చెబుతుంది.

హెడ్డు దగ్గర ఒక తగాదా నడిచింది. మా ఊళ్ళలో ప్రతి అరుగు మీదా ఒక పాలిషు పలక ఉంటుంది గదా. అబ్బాయి హెడ్డును తిరగవేసి ఆ పలక మీద పెట్టి, "ఊగడం లేదు, చదునుగానే ఉన్నది" అన్నాడు. తండ్రి ఒప్పుకోలేదు. ఇద్దరిలోనూ కొంత నిజం ఉన్నది. కొలతల గదులలో నల్ల గ్రానైటు పలకలను చదునుకు ప్రమాణంగా వాడే మాట నిజమే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో ఇనుప పలకల బదులు అవి వాడుకలోకి వచ్చాయి. తుప్పు పట్టవు, వేడికి ఎక్కువగా సాగవు, గీత పడితే అంచు పైకి లేవదు. అయితే ఆ పలకను కొలిచి కొలిచి చదును చేస్తారు. మన అరుగు పలకను మెరుపు కొరకు పాలిషు చేస్తారు. మెరిసినదంతా చదును కాదు. లేతు షాపులో నిక్కమైన అంచు గల ఇనుప బద్ద అరువు తెచ్చి, హెడ్డు మీద నిలువునా, మూల నుండి మూలకు ఆనించి, ఫీలరు గేజి ఆకులు దూర్చి చూడాలి. నాలుగు థౌల ఆకు దూరితే ఫేసింగుకు ఇవ్వాలి. వీరి హెడ్డులో రెండు థౌల ఆకు కూడా కష్టంగా దూరింది. ఈసారికి కొడుకు మాటే నెగ్గింది, కొలిచిన తరువాత.

హెడ్డు చేతిలో ఉన్నప్పుడే వాల్వు సీట్లు చూడాలి. ఈ ఇంజను సీసము కలిసిన పెట్రోలు కాలానిది. ఆ సీసము సీటు మీద పలుచని పొరగా నిలిచి, వాల్వు కొట్టే దెబ్బను ఆపేది. మనుషుల ఊపిరికి, ముఖ్యంగా పిల్లలకు అది విషం గనుక 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా ఆ పెట్రోలును ఆపివేశారు. మంచి పనే. కాని పాత పోత ఇనుము సీట్లు ఎక్కువ వేగానికి లోపలికి అరిగిపోతాయి. హెడ్డు ఎటూ షాపుకు పోతున్నది గనుక ఎగ్జాస్టు వాల్వులకు గట్టి ఇనుము సీట్లు దిగ్గొట్టించడం మేలు. అలాగే 2025 నాటికి మన బంకులలో నూటికి ఇరవై పాళ్ళు ఇథనాలు కలిసిన పెట్రోలు వచ్చేసింది. అది పాత రబ్బరు గొట్టాలను, పెట్రోలు పంపు లోపలి పొరను మెత్తబరుస్తుంది. తడిని పీల్చుకొని ట్యాంకులో తుప్పు తెస్తుంది. ఇంజనుకు వేలు ఖర్చు పెట్టి, వందల రూపాయల గొట్టాలు పాతవే ఉంచి, రోడ్డు మీద మంటలు తెచ్చుకోవద్దు.

బ్లాకు చుట్టూ ఉన్న నీళ్ళ గదులను మాత్రం మరువవద్దు. ఇనుప బోరుకు చెరుపు చేసినది ధూళి అయితే, ఈ గదులకు చెరుపు చేసేది మన బోరు నీళ్ళు. పొదిలి వైపు నీళ్ళు ఎంత ఉప్పనో కుండ అడుగు చూస్తే తెలుస్తుంది. అదే తెల్లని పొర ఇంజనులో కట్టుకొంటుంది, నీరు తిరగక ఇంజను కాగుతుంది. ప్రక్కనున్న ప్లగ్గు బిళ్ళలు తీసి, లోపల గీకి, కొత్త బిళ్ళలు వేయాలి. ఇక మీదట కూలంటు, శుద్ధి చేసిన నీళ్ళు తప్ప వేరొకటి పోయకూడదు.

బిగించే వివరమంతా ఇక్కడ వ్రాస్తే పత్రిక చాలదు. మేన్యువలు పుస్తకం దగ్గర పెట్టుకోండి, టార్కు పానా అరువు తెచ్చుకోండి. రింగును పిస్టను లేకుండా సిలిండరులోనికి నెట్టి, దాని కొనల నడుమ ఎనిమిది నుండి పన్నెండు థౌలు ఉన్నదో లేదో చూడండి. హెడ్డు నట్లు మధ్య నుండి బయటకు, రెండు మూడు విడతలుగా బిగించండి. టాపెట్లకు తొమ్మిది లెక్క ఒకటి ఉన్నది, పిల్లలు కూడా నేర్చుకోవచ్చు. రేడియేటరు వైపు నుండి వాల్వులకు ఒకటి నుండి ఎనిమిది నెంబర్లు వేసుకోవాలి. ఎనిమిదవది పూర్తిగా నొక్కుకొన్నప్పుడు ఒకటవదాని సందు సరిచేయాలి, ఏడవది నొక్కుకొన్నప్పుడు రెండవది. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే రావాలి.

సోదరీ, ఇప్పుడు మీ ప్రశ్న. నలభై వేలు ఇవ్వకండి. అమ్మాయి ఫీజుకు గడువు తేదీ ఉన్నది, ఇంజనుకు లేదు. బ్లాకు వెయ్యి రోజులు ఆయిలు పూసి ఉంచినా చెడదు, కళాశాల సీటు ఒక్క రోజు ఆలస్యమైనా పోతుంది. ఫీజు కట్టిన రసీదు ఇంటికి వచ్చిన తరువాతనే ఇంజను లెక్క మొదలు పెట్టాలని మీ భర్తకు, కుమారునికి మీ ముందే చెప్పాను. ఇద్దరూ ఒప్పుకొన్నారు. అబ్బాయి కొంచెం ముఖం ముడుచుకొన్నాడు, ఫరవాలేదు.

కాని పాత సామాన్ల వానికి కూడా వేయకండి. మీ అబ్బాయి నాలుగు నెలలలో నేర్చుకొన్నది నేను పరీక్షించి చూచాను. నాలుగు సిలిండర్లు మండే వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు అని, ఎందుకు ఆ వరుసో కూడా చెప్పాడు. బ్లాకు కొలిచిన లేతు షాపువారు ఇతనిని ఉదయం పూట సహాయకునిగా రమ్మన్నారు. జీతం కొద్దిదే గాని ఉన్నది. ఆ జీతంలో నుండి ఇంజనుకు నెల నెలా కొంత, అంతకు మించి ఒక్క రూపాయి ఇంటి డబ్బు కాదు. గోపురం కట్టబోయేవాని ఉపమానం మీ భర్తకు తెలిసినదే, నేను గుర్తు చేయగానే ఆయన నవ్వారు. ఖర్చుల వివరం ఒక నోటు పుస్తకంలో వ్రాయమన్నాను, ఆ పుస్తకం మీ దగ్గర ఉంటుంది. ఇక వారిద్దరూ మీతో మాట్లాడరన్న ఫిర్యాదు. నేను ఉన్న మూడు గంటలలో వారు ఒకరితో ఒకరు ఆపకుండా మాట్లాడుకొన్నారు. మీరు వసారాలోకి వచ్చి పీట వేసుకొని కూర్చోండి. మొదట విసుక్కొంటారు, తరువాత పానా అందించమంటారు.

కాగితాల సంగతి కూడా ముందే చూచుకోండి. రీబోరు వలన ఇంజను నెంబరు మారదు, గనుక ఇబ్బంది లేదు. బ్లాకే మార్చితే మాత్రం రవాణా కార్యాలయంలో తెలిపి, ఆర్.సి.లో కొత్త నెంబరు ఎక్కించుకోవాలి. పదిహేను సంవత్సరాలు దాటిన సొంత కారు రిజిస్ట్రేషను పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుండి ఐదు వేలు అయింది, ఇరవై సంవత్సరాలు దాటినవాటికి 2025 ఆగస్టులో పది వేలు చేశారు. మీ బండి ఆ రెండవ లెక్కలోనికి వస్తుంది. ఆర్.సి. గడువు తీరిందేమో, ఇన్సూరెన్సు ఉన్నదో లేదో చూడకుండా పిస్టన్లకు డబ్బు కట్టవద్దు. నోటు పుస్తకంలో మొదటి వరుసలో ఈ పది వేలు వ్రాయండి.

ఇంజను ఎక్కించిన రోజున ప్లగ్గులు తీసి ఉంచి, ఆయిలు గేజి ముల్లు లేచేవరకు స్టార్టరుతో తిప్పాలి. తరువాతనే ప్లగ్గులు పెట్టి మంట ఇవ్వాలి. మొదటి ఐదు వందల కిలోమీటర్లు బరువు వేయకుండా, వేగం పెంచకుండా నడిపి ఆయిలు మార్చాలి, హెడ్డు నట్లు, టాపెట్లు మళ్ళీ చూడాలి. తీసిన మడ్డి ఆయిలును కాలువలో పోయవద్దు. డబ్బాలో పట్టి పాత ఆయిలు కొనేవారికి ఇస్తే నాలుగు రూపాయలు వస్తాయి, వాటిని కూడా నోటు పుస్తకంలో జమ వైపు వ్రాయండి.